ముందు రావలసిన వాక్యం

చొక్కా చేతుల మడతలు ఇస్త్రీ చేస్తూనే ఆమె మనసులో ఒక ఫిరంగిని విప్పుతోంది. పైకి చూస్తే ఇస్త్రీ పెట్టె, నీళ్లు చిలకరించుకునే గిన్నె, కుర్చీ వీపు మీద వేసిన భర్త చొక్కాలు. లోపల మాత్రం గొట్టం, గొట్టం కింద సిలిండరు, సిలిండరు చివర బిగించిన బిరడా. ఫ్రెంచివాళ్లు తూటా మీది తొడుగును చొక్కా అంటారు. అదే తొడుగు ఇంగ్లీషులోకి వచ్చేసరికి జాకెట్టు అవుతుంది. ఏ భాషలో ఏ పేరు పెట్టుకున్నా ఇస్త్రీ చేయవలసింది మాత్రం నేనే కదా అని ఒకసారి నవ్వొచ్చి, ఆ మాట భర్తతో చెప్పింది. అతను "ఊఁ" అన్నాడు. అని, మేజోళ్లు ఎక్కడ పెట్టావని అడిగాడు.

పెళ్లికి ముందు ఆమె ఫ్రెంచి చదువుకుంది. సరదాకి కాదు, నలుగురికి పాఠాలు చెప్పుకుని తన కాళ్ల మీద తాను నిలబడాలని చదువుకుంది. సంబంధం వచ్చినప్పుడు అబ్బాయికి కూడా ఫ్రెంచి వచ్చునని తెలిసి ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఈడూ జోడూ సరే, భాష కూడా కలిసిందన్నారు. అతను సైన్యానికి పుస్తకాలు అనువదించే ఆఫీసులో ఉద్యోగి. ఎప్పుడో ఫ్రాన్సు నుంచి కొన్న ఫిరంగులు, బండ్లు, వాటి వెంట వచ్చిన లావుపాటి పుస్తకాలు. ఆ పుస్తకాలను ఇంగ్లీషులోకి మార్చి మరమ్మతు షెడ్లకు పంపడం ఆ ఆఫీసు పని. అతనికి ఫ్రెంచి వచ్చినమాట నిజమే. ఆఫీసువాళ్లు పెట్టిన చిన్న కోర్సు అయిందనిపించుకునేంత వచ్చు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు భోజనం సంచిలోంచి ఒక కాగితం తీసి, ఈ ఒక్క ముక్కా చూసిపెట్టు, నాకు తల తిరుగుతోంది అన్నాడు. ఆమె చూసిపెట్టింది. మర్నాడు ఇంకో రెండు ముక్కలు తెచ్చాడు. అలా ఏకై వచ్చిన పని మేకై కూర్చుంది. ఆఫీసు గేటు దాటకూడని కాగితాలు ఖాళీ గిన్నెల అడుగున ఇల్లు చేరేవి, పొద్దున నిండు గిన్నెల అడుగున వెనక్కి వెళ్లేవి. వాటి కింద సంతకం అతనిది. వేళ్లకంటిన ఇంకు ఆమెది.

అబద్ధమెందుకు, ఆ పనంటే ఆమెకు ప్రాణం. ఫిరంగి గొట్టం లోపలి బోలును ఫ్రెంచివాళ్లు ఆత్మ అంటారు. ఇంగ్లీషులో దానికి తొలిచిన రంధ్రమన్న పేరే గతి. ఆ మాట మొదటిసారి ఎదురైనప్పుడు కూరగాయలు తరుగుతున్న చాకు పక్కన పెట్టి ఆ మాటనే మళ్లీ మళ్లీ చదువుకుంది. తుపాకీలో మందు మీద దెబ్బ వేసే ముక్క వాళ్లకు కుక్క, వీళ్లకు సుత్తి. ఒక్కో మాటనూ పట్టుకుని, అది చేసే పనేమిటో, పక్క ముక్కతో దానికున్న పొత్తు ఏమిటో బొమ్మల్లో చూసి తేల్చుకుని, అప్పుడు దానికి పేరు పెట్టేది. నిఘంటువులో ఉన్నదాన్ని ఉన్నట్టు దించేస్తే ఫిరంగి సంగతి దేవుడెరుగు, కుట్టుమిషను కూడా కదలదు. కుక్కరు రెండు కూతల మధ్య ఒక వాక్యం, బట్టలు నానేలోపు ఇంకో వాక్యం, అత్తగారి మధ్యాహ్నపు కునుకులో ఒక పేజీ. ఆడదానికి ఫిరంగులతో పనేమిటమ్మాయ్, అవతల పాలు పొంగుతున్నాయి చూడు అని అత్తగారు గుమ్మంలోంచి కేకేసేది. చిత్రం ఏమిటంటే ఆ ఇంట్లో పాలు సరిగ్గా ఆమె కలం పట్టుకున్నప్పుడే పొంగేవి. ఇంట్లో ఊరికే కూర్చునే బదులు నీకూ కాలక్షేపంగా ఉంటుంది కదా అని భర్త అనేవాడు. అందరికంటే ముందు లేచి అందరి తర్వాత నడుం వాల్చే మనిషికి ఊరికే కూర్చోవడం అంటే ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడాలని ఉండేది. చుట్టాలు వస్తే, మా ఆవిడకి కూడా నాలుగు ఫ్రెంచి ముక్కలొచ్చు, నాతో ఉండి ఉండి వచ్చేశాయి అని అతను మురిసిపోయేవాడు. ఆమె తిన్న పళ్లేలు తీస్తూ నవ్వేది. ఆ నవ్వు మీద ఆమెకే అసహ్యం వేసేది.

మరమ్మతు షెడ్డు ఫోర్‌మన్ అప్పుడప్పుడు ఇంటికి ఫోన్ చేసేవాడు. పుస్తకంలో ఏదో మాట దగ్గర పని ఆగిపోయిందని, అంటే ఏమిటని అడిగేవాడు. భర్త "ఒక్క నిమిషం" అని రిసీవరు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి ఆమె వైపు తిరిగేవాడు. ఆమె చెప్పేది. అతను చెయ్యి తీసి, గొంతు సవరించుకుని, అదే మాట అటు చెప్పేవాడు. ఆ గొంతు సవరింపులోనే అదంతా అతనిదైపోయేది.

ఒక ఏడాది ఉద్యోగుల కుటుంబాలను షెడ్డు చూడటానికి పిలిచారు. డేరా కింద టీ, బిస్కట్లు, పిల్లలకు బెలూన్లు. మిగతా ఆడవాళ్లు నీడ పట్టున కూర్చుంటే ఆమె ఒక్కతీ లోపలికి నడిచి, విప్పి పెట్టిన ఇంజను దగ్గర నిలబడిపోయింది. ఒకాయన స్టూలు మీద కూర్చుని పుస్తకం గట్టిగా చదువుతున్నాడు. ఇంకొకాయన మోచేతుల దాకా ఇంజను లోపలికి చేతులు పెట్టి, తల తిప్పకుండా, విన్నది విన్నట్టు చేస్తున్నాడు. ఒక వాక్యం వినపడుతుంది, పని అవుతుంది, "అయింది, తర్వాత?" అంటాడు, అప్పుడు రెండో వాక్యం. నూనె చేతులతో పేజీలు ముట్టుకోకూడదని ఆ షెడ్డులో మొదటినుంచీ అదే పద్ధతట. ఇన్నాళ్లూ ఈ పుస్తకాలను కళ్లు చదువుతాయనుకుంది. చేతులు వింటాయని తెలియదు.

ఆ తర్వాత వచ్చిందే ఈ ఫిరంగి పుస్తకం. గోదాములో మూలపడ్డ పాత ఫిరంగులను మళ్లీ వాడకంలోకి తేవాలని పైవాళ్లు నిర్ణయించారు. వాటిని విప్పి చూసినవాడు ఇప్పుడు ఒక్కడూ మిగల్లేదు. దిక్కల్లా ఆ పుస్తకమే. ఫిరంగి పేలినప్పుడు గొట్టం వెనక్కి తన్నుతుంది. దాన్ని మళ్లీ ముందుకు నెట్టడానికి కింద ఒక సిలిండరు, అందులో కూరి కూరి నింపిన గ్యాసు ఉంటాయి. ఆ గ్యాసు వదలకుండా బిరడా విప్పితే, ఆవిరి నిండిన కుక్కరు మూత లాగినట్టే. కాకపోతే ఇక్కడ ఎగిరేది ఇనుము. ఫ్రెంచి పుస్తకంలో పని పైన రాశారు, హెచ్చరిక దాని కింద చిన్న గడిలో పెట్టారు. పేజీ మొత్తం చదువుకుని తీరిగ్గా మొదలుపెట్టేవాడికి అది సరిపోతుంది. విన్నది విన్నట్టు చేసే చేతులకు సరిపోదు. అందుకని ఆమె ప్రతి హెచ్చరికనూ పనికంటే పైకి తెచ్చింది. పుస్తకమంతా అలాగే మార్చింది. ఎందుకు మార్చిందో భర్తకు విడమరిచి చెప్పింది కూడా. అతను బూట్ల తాళ్లు కట్టుకుంటూ "ఊఁ" అన్నాడు.

ఆ పుస్తకాన్నే తలుచుకుంటూ చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న ఆమె, అతని అడుగుల చప్పుడు విని ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. ఆవేళ ఎప్పటికంటే ముందే వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. సంచిలోంచి కొత్త పుస్తకం తీసి, తల్లికి కూడా చూపించకుండా ముందు ఆమె చేతిలోనే పెట్టాడు. అట్ట మీద అతని పేరు. అచ్చు వాసన ఇంకా పోలేదు. పైఅధికారి అందరి ముందూ భుజం తట్టాడట, పెద్ద కుర్చీ ఖాళీ అయితే ఇక వెతుక్కోనక్కర్లేదన్నాడట. రేపు పొద్దున్నే షెడ్డులో మొదటి ఫిరంగి విప్పడం మొదలుపెడతారట. "మన కష్టం ఫలించింది," అన్నాడు. ఇంట్లో ఉన్నంతసేపూ అది మన కష్టమే. గడప దాటగానే అతని నోట అది "నా కష్టం".

ఆమెకు అట్ట మీద పేరు గురించి బాధ లేదు. ఆ బాధ ఎప్పుడో అరిగిపోయింది. సిలిండరు పేజీ కోసం వెతుక్కుంది, తన వాక్యం అచ్చులో ఎలా ఉందో చూసుకోవాలని. పని పైనుంది. హెచ్చరిక కిందుంది. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. అన్నీ అంతే.

"ఇవి కిందికి ఎవరు దించారు?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూర్చుని తేలిగ్గానే చెప్పాడు. అచ్చుకు పంపేముందు పైఅధికారి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడట. అసలు పుస్తకంలో కింద ఉన్నవి నువ్వెందుకు పైకి తెచ్చావయ్యా అని అడిగాడట. "ఏం చెప్పను? నాకేం తెలుసు? టైపులో పొరపాటు, సరిచేస్తానని చెప్పి అన్నీ కిందికి పెట్టించాను."

"ఎందుకో నేను మీకు చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు బూట్లు కట్టుకుంటుంటే."

"బూట్లు కట్టుకుంటున్నవాడికి చెబితే ఎక్కడ గుర్తుంటుంది?" అన్నాడు, చాలా న్యాయమైన మాట అన్నట్టు.

ఇన్నేళ్ల కాపురంలో అతను కదలకుండా ఒకచోట దొరికేది బూట్లు కట్టుకునేటప్పుడే. ఇంకెప్పుడు చెప్పాలి? తినేటప్పుడు వార్తలు, వార్తలయ్యాక నిద్ర. కరెంటు బిల్లు మాటా, నీళ్ల పంపు మాటా, ఆమెకు వచ్చిన జ్వరం మాటా అన్నీ ఆ రెండు తాళ్ల ముడి పడేలోపే చెప్పేసింది. అన్నిటికీ ఒకటే ఊఁ. ఆ ఊఁ మీద ఆధారపడి ఒక మనిషి రేపు ఇనుప బిరడా ఎదురుగా ముఖం పెట్టబోతున్నాడు. ఆమెకు మొదట వచ్చింది కోపం కాదు, భయం. తర్వాత ఆ భయంలోంచే కోపం వచ్చింది.

షెడ్డుకు ఫోన్ చేసి చెప్పండి అంది. అతను తల అడ్డంగా ఊపాడు. పుస్తకాలు అన్ని షెడ్లకూ వెళ్లిపోయాయి. ఇప్పుడు తప్పంటే ఎవరు మార్చారని అడుగుతారు, ఎందుకు మార్చారని అడుగుతారు, తీగ లాగితే డొంకంతా కదులుతుంది. కాగితాలు ఇంటికి తెచ్చిన సంగతి బయటపడితే ఉద్యోగం మాటే కాదు, ఈ క్వార్టర్సు కూడా ఖాళీ చేయాలి. అయినా అసలు పుస్తకంలో ఉన్నట్టే ఉంది కదా, తప్పెలా అవుతుంది? వాళ్లకు ఆమాత్రం తెలియదా? రెండో ముద్రణలో చూద్దాంలే అన్నాడు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలోకి చూడలేదు. అది ప్రమాదమని అతనికీ తెలుసునని అప్పుడు ఆమెకు అర్థమైంది.

అత్తగారు గదిలోంచి అంతా విన్నది. సాయంత్రం ఆమె గిన్నెలు తోముతుంటే వచ్చి పక్కన నిలబడి, ఆ ఫిరంగి విప్పేవాడికి ఏమవుతుందని మెల్లగా అడిగింది. ఆమె చెప్పింది. అత్తగారు పక్కనున్న గుడ్డ చేతిలోకి తీసుకుంది. ఆ ముసలిప్రాణానికి జాలి లేక కాదు. కానీ కొడుకు కొడుకే.

"పరువు పోతే మళ్లీ రాదమ్మాయ్."

"కళ్లు పోయినా మళ్లీ రావు అత్తయ్యా."

తోమిన గిన్నెలను అత్తగారు ఒక్కొక్కటే తుడిచి పెట్టింది. అంతకుముందు ఎన్నడూ ఆ పని చేసి ఎరగదు.

పొద్దున్న అతను బూట్లు తొడుక్కుంటుండగా ఆమె ఫోన్ దగ్గరకు వెళ్లింది. రాత్రంతా ఆలోచించిందనడం అబద్ధం. పని అలసటకు మామూలుగానే నిద్రపోయింది. లేచేసరికి ఏం చేయాలో తెలిసిపోయింది, అంతే. నంబరు తిప్పుతుంటే అతను సగం కట్టిన తాడు వదిలేసి లేచి నిలబడ్డాడు. అరవలేదు. ఎప్పుడూ అరిచే మనిషి కాదు. "సరే, నేను చెప్పమన్నానని చెప్పు," అన్నాడు నీరసంగా. అది కూడా అతనికి చిన్న మాటేం కాదు. ఆమెకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. విప్పేవాడి కళ్లు దక్కుతాయి, భర్త పేరు దక్కుతుంది, తనకు అలవాటైన చోటే తానుంటుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఫోర్‌మన్ ఎత్తాడు. ఆయన చెప్పమన్నారండీ, సిలిండరు దగ్గర హెచ్చరిక ముందు చదివి, తర్వాత పని చదవాలట, పుస్తకమంతా అంతేనట అని గబగబా చెప్పింది. అచ్చయిన పుస్తకం కాదనాలంటే కారణం కావాలమ్మా అన్నాడు ఫోర్‌మన్. మిగతా షెడ్లకు వెళ్లిన కాపీలు కూడా ఆపించాలి, పైవాళ్లు అడిగితే జవాబు చెప్పాలి, అందుకని ఆయన్నే ఇవ్వమన్నాడు.

ఆమె రిసీవరు భర్త చేతికిచ్చింది. అతను విన్నాడు. "ఒక్క నిమిషం," అన్నాడు. అరచెయ్యి అడ్డం పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఎందుకని చెప్పను?"

ఆమె నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఆ అరచేతి వైపు చూసింది. మెత్తటి చెయ్యి, నిన్నటి మడత చెరగని చొక్కా చేతిలోంచి వచ్చిన చెయ్యి. ఇప్పుడు తను చెబుతుంది, అతను గొంతు సవరించుకుని ఫోర్‌మన్‌కు చెబుతాడు. అటునుంచి ఇంకో ప్రశ్న వస్తుంది, మళ్లీ చెయ్యి అడ్డం వస్తుంది. ఎక్కడో ఒకచోట అతను సగం విని ఊఁ అంటాడు. ఆ సగం ఎవడి ముఖం మీదికి వస్తుందో ఎవరికి తెలుసు? తను ఎన్నేళ్లు ఓర్చుకున్నా అది తన ఒక్కదాని నష్టమే అనుకుంది. కాదు. ఓర్పు కూడా చేతులు దాటి పోయి ఎవరికో తగులుతుంది.

చెయ్యి చాచి రిసీవరు తీసుకుంది. అతను బిగించి పట్టుకోలేదు.

"కారణం నేను చెబుతానండీ. ఆ పుస్తకం రాసింది నేను. ఇంతకు ముందువి కూడా."

అవతలి నుంచి ఆశ్చర్యం వస్తుందనుకుంది. రాలేదు.

"చెయ్యి అడ్డం పెట్టినా వినపడుతుందమ్మా," అన్నాడు ఫోర్‌మన్. "ఎన్నేళ్ల నుంచి వింటున్నాను. మీరు రండి. గేటు దగ్గర నేనుంటాను."

ఆమె చీర మార్చుకుంది. వంట సగంలో ఉందని అత్తగారికి చెప్పింది. అత్తగారు పొయ్యి దగ్గరకు వెళ్లింది. భర్త తాడు ముడి వేసుకుని ఆమె వెనకే బయల్దేరాడు. దారిలో ఒకే ఒక్కసారి నోరు విప్పాడు, ఇక ఇల్లు ఖాళీ చేయడానికి సిద్ధపడాలి అని. సిద్ధపడదాం అంది ఆమె.

ఫిరంగి షెడ్డు మధ్యలో ఉంది. బొమ్మల్లో చూసినదానికంటే చిన్నది, పాతది, ఎక్కడికక్కడ రంగు ఊడింది. దాని పక్కన చత్వారం కళ్లద్దాలు పెట్టుకున్న మెకానిక్ ఒకాయన పానా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. లారీల విభాగం నుంచి వచ్చాడట, ఈ ఫిరంగిని ముట్టుకోవడం ఇదే మొదలట. ఫోర్‌మన్ ఆమెను పక్కకు పిలిచి, సిలిండరులో గ్యాసు ముందే వదిలించానని, ఆ సంగతి ఆయనకు తెలియదని గొంతు తగ్గించి చెప్పాడు. ముందు అచ్చులో ఉన్నట్టే చదవమన్నాడు. జరిగింది జరిగినట్టు పైకి రాస్తే తప్ప మిగతా కాపీలు ఆగవన్నాడు. పదిమందీ మూగారు. భర్త వాళ్ల వెనక నిలబడ్డాడు. ఆమె స్టూలు మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఇన్నేళ్లలో తన వాక్యాలను తన గొంతుతో ఎప్పుడూ పైకి చదవలేదు. మొదటి మాట కింద వేలు పెట్టుకుని ఆగింది. మెకానిక్ తల తిప్పలేదు, విసుక్కోలేదు, చేతులు బిరడా దగ్గర పెట్టి ఆగాడు. ఆమె చదివింది. పానా తిరిగింది. ఆమె చదివింది. బిరడా చుట్టు చుట్టుకూ వదులవుతూ వచ్చి ఆయన అరచేతిలో పడింది. ముఖం ఆ రంధ్రానికి జానెడు దూరంలో ఉంది.

"అయింది, తర్వాత?" అన్నాడు.

"బిరడా విప్పే ముందు లోపలి గ్యాసు పూర్తిగా వదలవలెను," అని చదివింది ఆమె. "లేనిచో ప్రాణాపాయము."

మెకానిక్ ముఖం వెనక్కి తీసుకున్నాడు. అరచేతిలోని బిరడాను, ఎదురుగా నోరు తెరిచిన రంధ్రాన్ని చూశాడు. కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. పెద్దవయసు మనిషి, ఎవరినీ తిట్టలేదు.

"ఈ వరస పెట్టిందెవరు?" అని అడిగాడు.

ఇది ఆమె చెప్పవలసిన జవాబు కాదు. వెనక నుంచి, గొంతు సవరించుకోకుండా, "నేను," అన్నాడు ఆమె భర్త. అట్ట మీద తన పేరున్న ఆ పుస్తకంలో అతను స్వయంగా చేసింది అదొక్కటే.

ఆమె పేజీ మొదటికి వచ్చింది.

"బిరడా బిగించండి," అంది మెకానిక్‌తో. "ఈసారి నేను రాసినట్టు చదువుతాను."